వరస కలిపిన గొంతు

రమాకుమారికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తన కూతుర్ని ఎవడో మాటలతో తీసుకుపోతాడు. ఆ మాటలు తన ఇంట్లోనే, తన కళ్లెదుటే నడుస్తాయి. అయినా తనకు ఒక్క ముక్క తెలియదు.

పామంటే భయపడేవాళ్లు చీకట్లో కాలు పెట్టకుండా ఉండొచ్చు. ఈ భయానికి అలాంటి దారి లేదు. తల్లీకూతుళ్లిద్దరికీ ఉన్నది ఒక్క ఫోనే. ఫోను లేకపోతే పూజితకు బడి లేదు. సెలవని చెప్పేది ఫోను, పరీక్షని చెప్పేది ఫోను, హోంవర్కు వచ్చేది ఫోనులో. అదంతా బెంగాలీలో వస్తుంది. రమాకుమారి ఊళ్లో ఏడో తరగతి దాకా తెలుగు చదివింది. ఎనిమిదిలో చేరకముందే పెళ్లి చేసి కలకత్తా పంపేశారు. బెంగాలీ మాట్లాడుతుంది, చదవలేదు. ఇంగ్లీషు అక్షరాలు ఆమె కంటికి చీమలబారు. అంచేత బడి నుంచి ఏం వచ్చినా పూజితే చదివి తల్లికి చెప్పాలి. దొంగకే తాళం చెవి ఇచ్చినట్టుందని ఒకసారి ఆమె నవ్వులాటకి అంది. పూజిత నవ్వలేదు.

వాళ్లది బడ్జ్ బడ్జ్‌లో జూటుమిల్లు లైను. గంగ ఒడ్డున, ఒకే గోడకి ఆనుకుని వరసగా గదులు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మిల్లులో చేరినవాళ్ల మనవలు, మునిమనవలు అందులో ఉంటారు. మొగుడు మధుబాబు స్పిన్నింగులో పనిచేస్తాడు. అత్త అమ్మన్నమ్మ ఆ మిల్లులోనే గోనెసంచులు కుట్టి కుట్టి ఇప్పుడు గుమ్మంలో కూచుని దగ్గుతుంది. ఆమెకు ఫోనంటే చిన్నచూపు. మాట్లాడే మనిషి మొహం కనపడకపోతే అది మాట కాదు, గాలి అంటుంది.

పోయిన ఏడాది లైను పక్కన క్లబ్బుగదిలో సోమా దీ ఆడవాళ్లకి ఫోను నేర్పే క్లాసు పెట్టింది. సోమా దీ, అంటే సోమక్క, బెంగాలీ అమ్మాయి, ఏదో సంస్థ తరఫున వస్తుంది. రమాకుమారిని బౌదీ, అంటే వదినా, అని పిలుస్తుంది. రమాకుమారి ఒక్కరోజు మానకుండా ముందు వరసలో కూచుంది. మధ్యలో ఆగిపోయిన చదువు మళ్లీ చేతికొచ్చినట్టే అనిపించింది ఆమెకు. సోమా దీ అన్నీ చెప్పింది. ఫోనుకి వచ్చే అంకెలు ఎవరికీ చెప్పొద్దు, పిల్లల ఫోటోలు ఎక్కడపడితే అక్కడ పెట్టొద్దు, ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడొద్దు. రమాకుమారి తలూపింది. మనసులో గట్టిగా నాటుకుంది కూడా. ఆ క్లాసులోనే గొంతుతో మెసేజి పంపడం నేర్చుకుంది. చదవక్కర్లేదు, రాయక్కర్లేదు. మైకు బొమ్మ మీద వేలు పెట్టి మాట్లాడితే చాలు.

ఆ వేలే ఆమెను తెలుగువాళ్ల గ్రూపులోకి తీసుకెళ్లింది. ఓడలు ఆగే డాకుల దగ్గరుండేవాళ్లు, రైల్వే క్వార్టర్లవాళ్లు, మిల్లులైన్లవాళ్లు, కలకత్తా చుట్టూ చెదిరిపోయిన శ్రీకాకుళంవాళ్లంతా అందులో ఉన్నారు. పొద్దున్నే ఎవరో భజన పెడతారు, ఎవరో చేపల కూర చెబుతారు. ఆ యాస చెవిలో పడితే రమాకుమారికి కడుపు నిండేది. అక్కడే ఒక గొంతు ఆమెను పలకరించింది. ఉమామహేశ్ అన్నాడు పేరు. ఫోటో ఉండాల్సిన చోట వెలుగుతున్న ఇత్తడి దీపం ఉండేది.

"అప్పా, మీదేవూరు? కన్నోరింటి పేరేటి?"

తెలుగువాళ్లు తెలియనిచోట కలిస్తే అడిగే మొదటి మాట అది. ఆస్పత్రి క్యూలో అయినా, లోకల్ రైల్లో అయినా, ఏటి అనే మాట వినపడితే చాలు, ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరు తెలిస్తే వరస తేలుతుంది. వరస తేలాక వాళ్లు అన్నో, వదినో, మావో అవుతారు. రమాకుమారి పుట్టింటి పేరు సనపలవారని చెప్పింది. అవతల గొంతు ఒక్క క్షణం ఆగి పొంగిపోయింది. తనదీ సనపలవారేనట. నరసన్నపేట దగ్గర పల్లెట. అయితే నువ్వు నాకు అప్పవే, సొంత అక్కవే అన్నాడు.

రమాకుమారికి అన్నదమ్ములు లేరు. ఆడపిల్లకి పుట్టింటివైపు మొగదిక్కు లేకపోతే ఎలా ఉంటుందో అది అనుభవించినవాళ్లకే తెలుసు. ఆ వేళ గోనెసంచి పరుచుకుని ఎండలో కూచుని ఆ గొంతును మళ్లీ మళ్లీ విన్నది. ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడొద్దని సోమా దీ చెప్పిన మాట ఆమె మరిచిపోలేదు. ఆ మాట ఈ మనిషికి వర్తిస్తుందని తోచలేదంతే. ఇంటిపేరు కలిసినవాడు తెలియనివాడు ఎలా అవుతాడు?

ఆమే పూజితను పిలిచి ఫోను చేతిలో పెట్టింది. "ఒలే, మావతో మాటాడు" అంది.

గుమ్మంలోంచి అమ్మన్నమ్మ నవ్వింది. "మేనమావ వొచ్చీసినాడు. ఇంక సంబంధాలు ఎతకక్కర్నేదు."

పక్కగదులవాళ్లు కూడా నవ్వారు. మేనమామ మేనకోడల్ని చేసుకోవడం మనలో ఉన్నదే. ఆ వేళాకోళం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పూజిత సిగ్గుపడి లోపలికి పారిపోయింది. అప్పుడామెకు పదమూడు.

చలికాలం వెళ్లాక పూజితకు వోణీలిచ్చే వేడుక చేశారు. మొదటి లంగావోణీ మేనమామ తేవాలి. ఉమామహేశ్ వస్తానన్నాడు. సాల్ట్ లేక్‌లో అద్దాల ఆఫీసులో పని, సెలవు దొరకలేదన్నాడు. ఫోటోలైనా పంపు అప్పా, నా కోడల్ని చూసుకోవాలి అన్నాడు. రమాకుమారి మంచి వెలుతురు చూసి, పిల్లను మల్లెపూల జడతో గంగవైపు తిప్పి నిలబెట్టి, తన చేత్తో ఫోటోలు తీసి పంపింది. గ్రూపులోనూ పెట్టింది. అందరూ దీవించారు.

ఆ తర్వాత పిల్ల మారింది. మార్పు ఒక్కసారిగా రాలేదు, గోడకి చెమ్మ ఎక్కినట్టు ఎక్కింది. నోరు మూయమన్నా మూయని పిల్ల అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునేది. బడి మెసేజులు చదవమంటే "ఏటీ నేదు" అనేది. ఫోను పక్కన పెట్టేటప్పుడు బోర్లా పెట్టేది. ఏటయిందే అని తల్లి అడిగితే తలనొప్పనేది. రమాకుమారికి అనుమానం వచ్చేది. కానీ ఆమెకు తెలిసిన మందు ఒకటే. కళ్లెర్రజేసి, "ఫోన్లో పిచ్చేసాలేసినావంటే బడి మాన్పించీసి పెల్లి సేసిపడీగల్ను" అనేది. చిన్నప్పుడు తనని భయపెట్టినట్టే తనూ భయపెట్టింది. ఆ మాటతో పిల్ల నోటికి తాళం పడుతోందని ఆమెకేం తెలుసు?

మళ్లీ చలి మొదలయ్యాక ఒకరోజు పూజిత బడికి వెళ్లింది. బడికి ఫోను తేనివ్వరు కాబట్టి అది ఇంట్లోనే ఉంది. మధుబాబు మిల్లులో ఉన్నాడు. రమాకుమారి చేపలు తోముతుంటే ఫోను గురగురలాడింది. తడిచెయ్యి చీరకి తుడుచుకుని చూసింది. పైన ఇత్తడి దీపం. కానీ అది గొంతు పంపే పచ్చగుర్తు యాప్ కాదు. పూజిత పాటలు, బొమ్మలు చూసుకునే మరో యాప్. అందులో మాట్లాడుకోవచ్చని కూడా రమాకుమారికి తెలియదు. దీపం మీద వేలు పెట్టింది. తెర నిండా చీమలబారు. పైకి తోసింది. ఇంకా చీమలు. ఎంత తోసినా పుట్ట తరగలేదు.

తనతో గొంతు, కూతురితో అక్షరాలు. తల్లికి ఏవి అందవో వాడికి తెలుసు. అది అర్థమవగానే ఆమె ఫోను పట్టుకుని లేచింది.

చేపలు అలాగే వదిలేసి క్లబ్బుగదికి పరిగెత్తింది. సోమా దీ ఒక్కతే కూచుని ఉంది. ఫోను ఆమె ముందు పెట్టి, ఇది చదువు దీదీ అంది. సోమా దీ చూసి, అక్షరాలు ఇంగ్లీషువే కానీ మాటలు ఇంగ్లీషు కాదు, బెంగాలీ కాదు, నాకేమీ అర్థం కావడం లేదు బౌదీ అంది.

నీకు అర్థం కానక్కర్లేదు, పైకి చదువు చాలు అంది రమాకుమారి.

సోమా దీ చదవడం మొదలుపెట్టింది. ఎక్కడ ఆగాలో తెలియక మాటల్ని మధ్యలో విరిచి, రెండు మాటల్ని ఒకటిగా అతికించి, గుడ్డివాళ్లు గోడ తడుముకున్నట్టు చదివింది. ఆ నోటికి అవి చప్పుళ్లు. విన్న చెవికి నిప్పులు.

"అమ్మ కిచె ప్పకు..."

అమ్మకి చెప్పకు. చెబితే బడి మాన్పించేస్తుంది. ఆమే అంటుంది కదా. మేనమావని, నీ మీద నాకు హక్కుంది. ఇంకో ఫోటో పంపు. పంపకపోతే నువ్వు పంపినవన్నీ మీ లైనులో అందరి ఫోన్లకీ పంపిస్తాను. నీ అయ్య మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? నేను పిలిచినచోటికి వస్తే అన్నీ తుడిచేస్తాను. సాల్ట్ లేక్‌లో కంప్యూటర్లు చూపిస్తాను.

సోమా దీ గొంతులో కోపం లేదు, జాలి లేదు, పాఠం చదివే పిల్లలా ఒక్కో చప్పుడూ పేర్చుకుంటూ పోతోంది. రమాకుమారి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. అర్థం కాని మనిషి నోట విషం ఎంత శుభ్రంగా వినిపిస్తుందో అప్పుడు తెలిసింది ఆమెకు. కింది దాకా వచ్చాక సోమా దీ ఠక్కున ఆగింది. ఆ చివరి వరసలో రెండు మాటలు ఆమెకు తెలిసినవే.

"శుక్రవారం," అంది సోమా దీ తలెత్తి. "సంత్రాగాఛి. బౌదీ, ఈవేళే కదా శుక్రవారం?"

ఇద్దరూ బడికి వెళ్లారు. గేటు దగ్గర కాపలా మనిషి, మీ అమ్మాయి టిఫిన్ వేళకే కడుపునొప్పని వెళ్లిపోయిందే అన్నాడు. సోమా దీ దారిలోనే ఫోను తీసి పిల్లల హెల్ప్‌లైనుకి చెప్పింది. రమాకుమారి మాత్రం రేవు వైపు నడుస్తూనే ఉంది. సంత్రాగాఛి రైల్వే స్టేషనుకి వెళ్లాలంటే గంగ దాటి బావురియాలో లోకల్ రైలు ఎక్కాలి. లాంచి నిండేదాకా కదల్దు. జనం తీరుబడిగా ఎక్కుతున్నారు, ఒకాయన సైకిలెక్కించాడు, ఒకావిడ కోళ్లబుట్ట పెట్టుకుంది. రమాకుమారి రెయిలింగు పట్టుకుని అవతలి ఒడ్డు చూస్తూ నిలబడింది. కాసేపటి క్రితమే తన కూతురు ఇదే పడవలో, యూనిఫారం వేసుకుని, పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని వెళ్లి ఉంటుంది. ఎవరూ అడిగి ఉండరు. బడిపిల్లను ఎవరడుగుతారు?

రైల్లో ఆమె తలుపు దగ్గరే నిలబడి ఒక్కో స్టేషనూ లెక్కపెట్టుకుంది. సోమా దీ చెయ్యి పట్టుకున్నా తెలియలేదు.

సంత్రాగాఛిలో ప్లాట్‌ఫారాలు ఒకదాని పక్కన ఒకటి, జనం మీద జనం. మెట్లవంతెన ఎక్కి దిగి, మళ్లీ ఎక్కి, చివరి ప్లాట్‌ఫారం కొసన నీళ్లకుళాయి దగ్గర బెంచీ మీద రమాకుమారి తన పిల్లను చూసింది. ఒంటరిగా కూచుని ఉంది. ఒళ్లో సంచి. పక్కన ఖాళీ మరమరాల పొట్లం.

తల్లిని చూసి పూజిత లేవలేదు. తల దించుకుంది, దెబ్బ పడుతుందని. రమాకుమారి కొట్టలేదు. పిల్ల తలను కడుపుకి అదుముకుంది.

"వాడేడే?"

"రానేదమ్మా. ఆ అమ్మి ఎల్లిపోనాది."

ఏ అమ్మి అని అడిగితే అప్పుడు చెప్పింది పూజిత. ఇదే బెంచీ మీద ఇంకో పిల్ల కూచుని ఉందట. పూజిత ఈడుదే. పేరు అమూల్య. ముందుపన్ను అంచు విరిగింది, నవ్వితే కనపడుతుంది. నీలం స్వెట్టరు. తన దగ్గరున్న మరమరాలు సగం పెట్టింది. ఫోను చూసుకుంటూ "మా మావ ఇంకా రానేదేటి" అనుకుంటే, తెలుగు విని పూజిత పలకరించింది. ఇద్దరు తెలుగు పిల్లలు కలిస్తే ఏమడుగుతారు? మీదేవూరు, ఇంటిపేరేటి అనే. అమూల్య చెప్పింది. నాన్న డాకులో పనిచేస్తాడు, అమ్మ పేరు లక్ష్మీసౌజన్య, అమ్మ కన్నవారింటి పేరు పొట్నూరువారు. ఇప్పుడు వచ్చే మావ పొట్నూరు ఉమామహేశ్.

పూజిత ఫోను చూపించమంది. అదే ఇత్తడి దీపం.

"మా మావ సనపలోడు గదా అన్నాను," అంది పూజిత. "ఒక మనిసికి రెండింటిపేర్లు ఎలగుంటాయి అన్నాను. ఆ అమ్మి నవ్వేసింది. దత్తతెల్లుంటాడు అంది."

అప్పుడే అమూల్య ఫోనుకి మెసేజి వచ్చింది. నేను బండిలోనే ఉన్నాను, ఆగగానే మూడో పెట్టె ఎక్కెయ్యండి, ఇద్దరూ. బండి వచ్చింది. అమూల్య లేచి చెయ్యి పట్టి లాగింది, రావే అని. పూజిత కాళ్లు కదల్లేదట. రెండు ఇంటిపేర్ల దగ్గరే ఆగిపోయింది దాని బుర్ర. అమూల్య ఎక్కింది. తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. బండి కలకత్తా వైపు వెళ్లేది కాదు, కలకత్తా నుంచి దూరంగా వెళ్లేది.

ఏ వలతో వాడు పట్టాడో ఆ వలలోని ముడే తన పిల్లను ఆపింది. ఆ సంగతి రమాకుమారికి తర్వాత ఎప్పుడో తట్టింది. ఆ క్షణంలో ఆమెకు తట్టింది వేరు. దేవుడా, నా పిల్ల ఉంది అనుకుంది. ఆ వెంటనే, ఎక్కడో ఒక తల్లి ఈ వేళప్పుడు అన్నం వార్చి, పిల్ల బడి నుంచి వస్తుందని చూస్తుంటుంది అనుకుంది.

స్టేషన్లో పోలీసులు అంతా విన్నారు, రాసుకున్నారు, బండి వెళ్లే దారిలోని స్టేషన్లకి కబురు పంపుతామన్నారు. ఆ అమూల్య ఫోటో ఉందా అన్నారు. లేదు. ఇంటి అడ్రసు? డాకు దగ్గర. ఏ డాకు? తెలియదు. తండ్రి పేరు, ఫోను నంబరు? తెలియదు. ఆ పిల్ల తల్లి కన్నవారింటి పేరు మాత్రం తెలుసు. దాంతో పోలీసులేం చేస్తారు?

రమాకుమారికి గ్రూపు గుర్తొచ్చింది. అంతమంది తెలుగువాళ్లలో లక్ష్మీసౌజన్యను ఎరిగినవాళ్లు ఒక్కరైనా ఉండరా? మైకు మీద వేలు పెట్టి, ఉమామహేశ్ మాటలు నమ్మకండి, అమూల్య వాళ్లమ్మ ఎవరు, ఎక్కడుంటుంది, తెలిస్తే చెప్పండి అని మాట్లాడింది. పంపింది. కాసేపటికి సోమా దీ ఫోను తీసుకుని చూసి, నిన్ను గ్రూపులోంచి తీసేశారు బౌదీ అంది. నీ మాటను కూడా తుడిచేశారు. గ్రూపు నడిపేవాళ్లే ఆ పని చెయ్యగలరు అంది. నడిపేది ఎవరో చూసింది. ఇత్తడి దీపం.

పొద్దున్నే భజన వినిపించిన ఇల్లంతా వాడిదే. తామంతా వాడి గుమ్మంలో కూచుని కబుర్లు చెప్పుకున్నారు.

తిరుగు పడవలో ఎండ వాలిపోయింది. ఆయిల్ డిపో ట్యాంకులు నీళ్లలో నల్లగా కనపడుతున్నాయి. సోమా దీ ఆ రాతలన్నీ అలాగే ఉంచు, ఒక్కటీ తుడవొద్దు, రేపు నేను కూడా పోలీసుల దగ్గరికి వస్తాను అని చెప్పింది. పూజిత నీళ్లవైపే చూస్తూ అడిగింది.

"అమ్మా, బడి మాన్పించీగల్వా?"

"నేదే."

"అయ్యకి సెప్తావా?"

"సెప్తాను. నీది తప్పు గాదని సెప్తాను. ముందు నాకు ఆ ఇంగిలీసు అచ్చరాలు నేర్పు."

పూజిత అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా ఏడవలేదు.

ఇంటికెళ్లాక విషయం విని అమ్మన్నమ్మ తిట్టలేదు. సంబంధాలు ఎతకక్కర్లేదని తనన్న మాట గుర్తొచ్చిందో ఏమో, మనవరాల్ని పక్కన పడుకోబెట్టుకుని గోడవైపు తిరిగింది. మధుబాబు అంతా విని, చొక్కా తొడుక్కుని, ఎక్కడికి వెళ్లాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాడు. రమాకుమారి తర్వాతి రోజుల్లో డాకుల వైపు రెండు మూడు వాడలు తిరిగింది. లక్ష్మీసౌజన్య అనే పేరు అడిగింది. ఒకచోట ఇల్లు మారిపోయారన్నారు, ఒకచోట ఆ పేరే ఎరగమన్నారు. వాడి దీపం ఆరిపోయింది, ఆ నంబరు ఇప్పుడు మోగదు. పోలీసులు వెతుకుతున్నామంటున్నారు. రమాకుమారి భయం తగ్గలేదు. దానికిప్పుడు నీలం స్వెట్టరు, అంచు విరిగిన పన్ను వచ్చాయి.

అందుకే ఇది చదువుతున్నవాళ్లకి ఒక మాట. మీరు డాకుల వైపు ఉన్నా, అటువైపు మీకు తెలుగువాళ్లు ఎవరున్నా, లక్ష్మీసౌజన్య అనే ఆమె ఇల్లు ఎక్కడో కనుక్కోండి. పొట్నూరువారి ఆడపడుచు. ఫోను చెయ్యకండి, అది ఎవరి చేతిలో ఉందో తెలియదు. నడిచి వెళ్లండి. తలుపు తట్టి, అమూల్య ఇంటికొచ్చిందా అని ఒక్కమాట అడిగి రండి.